మంచి బాస్ రావాలంటే స్పీకర్ బాక్స్ ఎలా కట్టాలి: లెక్క, కోత, ట్యూనింగ్

"పది అంగుళాల వూఫర్ ఉంది, బాక్స్ ఎంత సైజు కట్టాలి?" అని చాలామంది అడుగుతుంటారు. అంగుళాలు ఒక్కటే చెబితే దీనికి జవాబు లేదు. ఒకే వ్యాసం ఉన్న రెండు వూఫర్లలో ఒకటి 25 లీటర్లలో హాయిగా పలుకుతుంది. రెండోది అదే బాక్స్‌లో గొంతు నొక్కినట్టు మూలుగుతుంది. డ్రైవర్‌తో, అంటే ఆ వూఫర్ స్పీకర్‌తో, వచ్చే కాగితంలోని అంకెలను బట్టి బాక్స్ సైజు తేలుతుంది. ఆ అంకెలకు సరిపోని బాక్స్‌లో ఎంత పెద్ద ఆంప్లిఫయర్ పెట్టినా మోత పెరుగుతుందే తప్ప బాస్ బాగుపడదు.

కింద లెక్కంతా ఒకే ఉదాహరణతో నడుస్తుంది. మీ డ్రైవర్ అంకెలు వేరుగా ఉంటాయి కాబట్టి మా కొలతలు దించుకోకండి, పద్ధతి మాత్రమే తీసుకోండి.

కావలసినవి

- డ్రైవర్, దాని స్పెసిఫికేషన్ కాగితం
- 18 మి.మీ. ఎండీఎఫ్ లేదా అంతే మందం ఉన్న మంచి ప్లైవుడ్
- చెక్కకు వాడే తెల్ల జిగురు, 50 మి.మీ. స్క్రూలు, 3 మి.మీ. డ్రిల్ బిట్
- పోర్ట్‌కు (బాక్స్ లోపలి గాలి బయటికి వచ్చిపోయే గొట్టం) పీవీసీ పైపు
- సిలికాన్ సీలెంట్, ఫోమ్ టేపు, పాలియెస్టర్ దూది
- టెర్మినల్ ప్లేటు, 1.5 లేదా 2.5 చదరపు మి.మీ. వైరు
- జిగ్‌సా, క్లాంపులు
- మల్టీమీటర్, 100 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్, ఫోన్‌లో ఏదైనా టోన్ జనరేటర్ యాప్

చివరి వరుసలో ఉన్నవి చాలామంది కొనరు. మీ బాక్స్ సరిగ్గా వచ్చిందో లేదో చెప్పేవి అవే.

ఎండీఎఫ్ బదులు పార్టికిల్ బోర్డు వాడితే స్క్రూలు అంచుల్లో పట్టు నిలపవు. 12 మి.మీ. పలక పది అంగుళాల డ్రైవర్‌కు పనికిరాదు. డ్రైవర్‌తో పాటు గోడలూ పాడతాయి.

1. డ్రైవర్ అంకెలు రాసుకోండి

నాలుగు చాలు. ఎఫ్‌ఎస్ అంటే బాక్స్ లేకుండా డ్రైవర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ. క్యూటీఎస్ ఆ ఊగుడుకు ఎంత అదుపు ఉందో చెబుతుంది. క్యూఈఎస్ అందులో విద్యుత్ వైపు భాగం. వీఏఎస్ అంటే డ్రైవర్ సస్పెన్షన్‌కు (కోన్‌ను, అంటే ఊగే పలుచటి గరాటును, పట్టి ఉంచే భాగాలకు) ఉన్నంత మెత్తదనమే ఉన్న గాలి ఎన్ని లీటర్లో చెప్పే అంకె. వీటిని థీల్-స్మాల్ పారామీటర్లు అంటారు. నెవిల్ థీల్ 1961లో ఆస్ట్రేలియాలో ఈ పద్ధతికి పునాది వేశాడు, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. ఇవాళ్టి బాక్స్ సాఫ్ట్‌వేర్లన్నీ ఆ లెక్కల మీదే నడుస్తున్నాయి.

మన ఉదాహరణ పది అంగుళాల డ్రైవర్: ఎఫ్‌ఎస్ 32 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.38, క్యూఈఎస్ 0.42, వీఏఎస్ 60 లీటర్లు.

కాగితమే లేని డ్రైవరైతే పోర్టెడ్ బాక్స్ (పోర్ట్ ఉన్నది) జోలికి వెళ్లకండి. అంకెలు లేకుండా చేసే ట్యూనింగ్ (పోర్ట్ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర పలకాలో కుదర్చడం) ఊహాగానమే. సీల్డ్ బాక్స్ (పోర్ట్ లేకుండా పూర్తిగా మూసినది) తప్పుల్ని కొంత ఓర్చుకుంటుంది.

2. సీల్డా, పోర్టెడా తేల్చుకోండి

ఎఫ్‌ఎస్‌ను క్యూఈఎస్‌తో భాగించండి. జవాబు 50 లోపుంటే సీల్డ్, 100 దాటితే పోర్టెడ్, మధ్యలో ఉంటే మీ ఇష్టం. ఇది కచ్చితమైన నియమం కాదు, దారి చూపే గుర్తు మాత్రమే. మన డ్రైవర్‌కు 32 ÷ 0.42 = 76. అంటే రెండూ కుదురుతాయి.

సీల్డ్ బాక్స్ చిన్నది, కట్టడం సులువు. దెబ్బ బిగువుగా పడుతుంది. కింది స్వరాలు ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ సగమయ్యే ప్రతి మెట్టుకు) 12 డెసిబెల్స్ చొప్పున మెల్లగా తగ్గుతాయి, చిన్న గదిలో గోడలు ఆ లోటును కొంత పూడుస్తాయి. పోర్టెడ్ బాక్స్ పెద్దది. ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ దాకా బలంగా పలికి, అక్కడి నుంచి ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ చొప్పున కూలిపోతుంది. ఆ కింద కోన్‌ను ఆపే గాలి ఒత్తిడి ఉండదు కనుక డ్రైవర్ దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. మొదటిసారి కడుతున్నవాళ్లకు మా సలహా సీల్డ్. క్యూటీఎస్ 0.5 దాటిన డ్రైవర్‌ను మాత్రం ఎంత ముచ్చటపడినా పోర్టెడ్‌లో పెట్టకండి, గుమ్మని ఊగుతూనే ఉంటుంది.

3. ఎన్ని లీటర్లో లెక్కకట్టండి

సీల్డ్‌కు:

లీటర్లు = వీఏఎస్ ÷ ((0.707 ÷ క్యూటీఎస్)² − 1)

ఇందులో 0.707 అనేది బాక్స్‌లో పెట్టాక మీరు కోరుకునే మొత్తం క్యూ. అది ఉంటే రెస్పాన్స్ ఎక్కడా ఉబ్బకుండా సమంగా ఉంటుంది. మన డ్రైవర్‌కు 60 ÷ 2.46 = 24.4 లీటర్లు. ఈ బాక్స్ 59 లేదా 60 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గుతుంది. బాక్స్ ఇంకా చిన్నది చేస్తే క్యూ పెరిగి, ఆ పైన ఒక గుట్ట వస్తుంది. కార్లలో వినిపించే మొద్దు బాస్‌కు చాలాసార్లు కారణం ఇదే.

పోర్టెడ్‌కు:

లీటర్లు = 15 × వీఏఎస్ × క్యూటీఎస్ ఘాతం 2.87
ట్యూనింగ్ = 0.42 × ఎఫ్‌ఎస్ ÷ క్యూటీఎస్ ఘాతం 0.9

ఫోన్ కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే సాధారణంగా ఘాతాల బటన్ వస్తుంది. మన డ్రైవర్‌కు 56 లీటర్లు, ట్యూనింగ్ 32 హెర్ట్జ్. 3 డెసిబెల్స్ తగ్గేది కూడా 32 దగ్గరే. సీల్డ్‌తో పోలిస్తే దాదాపు ఒక ఆక్టేవ్ లోతు ఎక్కువ, దానికి బదులుగా బాక్స్ రెట్టింపు దాటింది. విన్‌ఐఎస్‌డీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇవే అంకెలు వేసి సరిచూసుకోండి. రెండు జవాబుల మధ్య 10 శాతం తేడా ఉంటే కంగారు పడక్కర్లేదు. పదుల రెట్ల తేడా వస్తే ఎక్కడో వీఏఎస్ యూనిట్ తప్పు వేశారన్నమాట. కొన్ని కాగితాల్లో అది లీటర్లలో కాక ఘనపు అడుగుల్లో ఉంటుంది, 1 ఘనపు అడుగు అంటే 28.3 లీటర్లు.

ఇక్కడి నుంచి పోర్టెడ్ బాక్స్ కడుతున్నట్టే చెబుతాం. సీల్డ్ కట్టేవాళ్లు పోర్ట్ సంగతులు వదిలేయండి.

4. పోర్ట్ వ్యాసం, పొడవు

పొడవు (సెం.మీ.) = 23562.5 × వ్యాసం² ÷ (ట్యూనింగ్² × లీటర్లు) − 0.732 × వ్యాసం

వ్యాసం సెంటీమీటర్లలో, పైపు లోపలిది. "110 మి.మీ. పైపు" అంటే అది బయటి వ్యాసం. ఈ ఒక్క తప్పు ట్యూనింగ్‌ను కదిలించేస్తుంది, కాబట్టి పైపు కొన్నాకే స్కేలుతో లోపల కొలిచి లెక్క వేయండి.

లోపల 10 సెం.మీ. ఉన్న పైపుకు: 41.1 − 7.3 = 33.8 సెం.మీ.

అంత పొడవెందుకు, 5 సెం.మీ. పైపు పెడితే 6.6 సెం.మీ. సరిపోతుందిగా అనిపిస్తుంది. లెక్కకు సరిపోతుంది. కానీ పది అంగుళాల కోన్ నెట్టే గాలంతా ఆ సందులోంచి దూరాలి, వాల్యూమ్ పెంచగానే "ఫుస్ ఫుస్" మొదలవుతుంది. పోర్ట్‌లో గాలి వేగం సెకనుకు 17 మీటర్లు దాటకుండా చూసుకోవడం వాడుకలో ఉన్న హద్దు. సాఫ్ట్‌వేర్ ఈ అంకెను చూపిస్తుంది.

రెండు పైపులు పెడితే ఒక్కోదాని పొడవు సగమైపోతుందనుకోవడం ఇంకో పొరపాటు. జరిగేది తలకిందులు. ఇవే 10 సెం.మీ. పైపులు రెండు పెడితే ఒక్కోటి 75 సెం.మీ. ఉండాలి.

పైపు దొరకకపోతే చెక్కతో స్లాట్ పోర్ట్ కట్టొచ్చు. కోత వైశాల్యం అంతే ఉండాలి, మన లెక్కలో 78.5 చదరపు సెం.మీ. మరీ సన్నటి పొడవాటి చీలికలా చేస్తే గాలికి రాపిడి పెరుగుతుంది. పైగా స్లాట్ పోర్ట్‌ను కట్టాక సరిదిద్దడం కష్టం. పైపైతే రంపంతో కోస్తే సరి.

5. లోపల చోటు తినే వస్తువుల్ని కలపండి

56 లీటర్లు అంటే డ్రైవర్ ఊపిరి పీల్చుకోవడానికి మిగలాల్సిన గాలి. డ్రైవర్ అయస్కాంతం, ఫ్రేమ్ సుమారు 2 లీటర్లు తింటాయి. పోర్ట్ పైపు బయటి కొలత ప్రకారం 3 లీటర్లు. బ్రేసు (గోడలు అదరకుండా లోపల అడ్డంగా పెట్టే పలక), మూలల్లో పెట్టే చెక్క రీపర్లు 2. అంటే లోపలి మొత్తం 63 లీటర్లు ఉండాలి.

లోపలి కొలతలు: వెడల్పు 35, ఎత్తు 45, లోతు 40 సెం.మీ. గుణిస్తే 63,000 ఘన సెం.మీ., సరిగ్గా 63 లీటర్లు.

పైపు లోపలి కొసకు, వెనక గోడకు మధ్య దాదాపు పైపు వ్యాసమంత ఖాళీ ఉండాలి. ముందు పలక ఒక్క పొరే అయితే పైపు 32 సెం.మీ. లోపలికి వచ్చి, వెనక 8 మిగులుతుంది. ముందు పలకను రెండు పొరలుగా, రెండో పొర బయటివైపు వచ్చేలా వేస్తే పైపులో 3.6 సెం.మీ. చెక్కలోనే ఉండిపోతుంది, వెనక 9.8 మిగులుతుంది. డ్రైవర్ బరువుకు రెండు పొరలు ఎలాగూ మంచిదే.

6. ముక్కలు కోయించండి

18 మి.మీ. పలకకు, సెంటీమీటర్లలో:

- ముందు రెండు, వెనక ఒకటి: 38.6 × 48.6
- పైన, కింద: 38.6 × 40, రెండు
- పక్కలు: 45 × 40, రెండు
- బ్రేసు: 35 × 40, ఒకటి

విస్తీర్ణం లెక్కేస్తే ఇది 8 × 4 అడుగుల షీట్‌లో సగంలో ఇమిడినట్టే ఉంటుంది. కాగితం మీద గీసి చూడండి, ముక్కలు అమరవు. సగం షీట్ కొనుక్కుని తరువాత తిట్టుకోకండి.

పెద్ద కోతలు టేబుల్ రంపం ఉన్న చోటే చేయించండి. అంచు 2 మి.మీ. వంకర పోతే ఆ సందును జిగురు పూడ్చదు. వృత్తాలు మీరు జిగ్‌సాతో కోసుకోవచ్చు. డ్రైవర్ రంధ్రాన్ని కాగితంలోని అంకెతో పాటు చేతిలో ఉన్న డ్రైవర్‌ను పెట్టి కూడా కొలవండి. ఎండీఎఫ్ దుమ్ము చాలా సన్నం, మాస్కు లేకుండా కోయొద్దు.

లోపలి అడుగు నుంచి 15.5 సెం.మీ. ఎత్తున డ్రైవర్ కేంద్రం, 36.5 దగ్గర పోర్ట్ కేంద్రం పెట్టండి. ఆ రెండింటి మధ్య సందులో, సుమారు 29 నుంచి 31 సెం.మీ. మధ్య, బ్రేసు అడ్డంగా వస్తుంది. బ్రేసులో సగానికి పైగా కిటికీల్లా కోసేయండి, లేకపోతే బాక్స్ రెండు గదులైపోయి లెక్కంతా మారుతుంది. బ్రేసు సరిగ్గా మధ్యలో పడకపోవడం మంచిదే. పక్క గోడ రెండు సమాన భాగాలుగా విడిపోతే రెండూ ఒకే స్వరానికి అదురుతాయి.

7. బిగించండి

ముందు జిగురు లేకుండా అన్నీ కూర్చి చూడండి. సందులు కనిపిస్తే ఇప్పుడే సరిచేయాలి.

తరువాత అడుగు, పక్కలు, బ్రేసు, వెనక, పైభాగం వరుసగా అతికించండి. ముందు పలక చివర్లో. బలాన్నిచ్చేది జిగురు. అది ఆరేదాకా పట్టి ఉంచేందుకే స్క్రూలు. ప్రతి స్క్రూకు ముందుగా 3 మి.మీ. రంధ్రం వేయాలి, లేకపోతే ఎండీఎఫ్ అంచు పొరలుగా చీలుతుంది. మూల నుంచి 5 సెం.మీ. దూరం వదలండి. అంచు పొడవునా జిగురు సన్నగా బయటికి ఉబికితే సరిపడా రాసినట్టు. ఒక రోజు కదపొద్దు.

ముందు పలక అతికించే ముందే లోపలి మూలలన్నిటికీ సిలికాన్ రాయండి. పుల్లటి వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు ఆవిరి వదులుతుంది, అది డ్రైవర్ చుట్టూ ఉండే ఫోమ్‌కు, లోహపు భాగాలకు మంచిది కాదు. వాసన పూర్తిగా పోయేదాకా డ్రైవర్ పెట్టకండి.

8. దూది, వైరు, డ్రైవర్

పోర్టెడ్ బాక్స్‌లో దూదిని గోడలకు పలుచగా అతికించండి. డ్రైవర్ వెనక, పోర్ట్ నోటి దగ్గర ఏమీ ఉండకూడదు. ఊడిన దూది పోర్ట్‌లోంచి బయటికి ఎగరడం చూడ్డానికి తమాషాగా ఉంటుంది గానీ, వాయిస్ కాయిల్ దగ్గరికి చేరితే తమాషా కాదు. సీల్డ్ బాక్స్‌ను లీటరుకు 10 గ్రాముల లెక్కన వదులుగా నింపొచ్చు. బాక్స్ కొంచెం పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. కూరి కూరి నింపితే ఆ లాభం పోతుంది.

డ్రైవర్ ఫ్రేమ్ కింద ఫోమ్ టేపు వేసి, స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. పోర్ట్ పైపును లెక్క కన్నా 3 సెం.మీ. పొడవుగా కోసి, టేపు చుట్టి బిగుతుగా దూర్చండి. జిగురు ఇప్పుడే వద్దు.

పోలారిటీ (ప్లస్, మైనస్ సరిగ్గా కలిశాయో లేదో) చూడాలంటే 1.5 వోల్ట్ల బ్యాటరీ ప్లస్‌ను టెర్మినల్ ప్లస్‌కు క్షణం పాటు తాకించండి. కోన్ బయటికి రావాలి.

9. గాలి లీకులు వెతకండి

సీల్డ్‌లో కోన్‌ను రెండు చేతులతో నెమ్మదిగా నొక్కి వదలండి. చప్పున తిరిగొస్తే ఎక్కడో లీకు ఉంది. పోర్టెడ్ అయితే పోర్ట్‌ను గుడ్డతో గట్టిగా మూసి ఇదే చేయండి. తరువాత 40 హెర్ట్జ్ టోన్‌ను మధ్యస్థంగా పెట్టి, సన్నటి టిష్యూ ముక్కను అతుకుల వెంట నడిపించండి. ఎక్కువగా దొరికేది టెర్మినల్ ప్లేటు అంచు దగ్గరే. చెక్క అతుకుల్ని అనుమానించే ముందు దాన్ని చూడండి.

10. ట్యూనింగ్ కొలిచి, పైపు కోయండి

దీన్ని మాత్రం దాటేయొద్దు. పైపు కొస పక్క గోడకో పై గోడకో దగ్గరగా ఉంటే ట్యూనింగ్ లెక్క కన్నా కిందికి జారుతుంది. ఎంత జారిందో కొలిస్తేనే తెలుస్తుంది.

ఆంప్లిఫయర్ ప్లస్ నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్‌కు, అక్కడి నుంచి స్పీకర్ ప్లస్‌కు, స్పీకర్ మైనస్ నుంచి ఆంప్లిఫయర్ మైనస్‌కు కలపండి. బాస్ బూస్ట్, ఫిల్టర్లు అన్నీ ఆపండి. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టేజ్‌లో పెట్టి స్పీకర్ టెర్మినల్స్ మీద ఉంచండి. ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ 3 నుంచి 5 వోల్ట్లు చాలు, మధ్యలో వాల్యూమ్ ముట్టుకోవద్దు.

15 హెర్ట్జ్ నుంచి ఒక్కొక్క హెర్ట్జ్ పెంచుతూ 80 దాకా అంకెలు రాయండి. రెండు చోట్ల వోల్టేజ్ పైకి లేస్తుంది, మన డ్రైవర్‌కు సుమారు 20, 53 దగ్గర. ఆ రెండు శిఖరాల మధ్య అన్నిటికన్నా తక్కువ పడిన చోటే బాక్స్ ట్యూనింగ్.

అది 32 కన్నా తక్కువ వస్తే పైపు కోయాలి. మన బాక్స్‌లో సుమారు 2.5 సెం.మీ. కోస్తే 1 హెర్ట్జ్ పెరుగుతుంది. ఒకేసారి కోసేయకుండా సెంటీమీటర్ చొప్పున వెళ్లండి. 31 నుంచి 33 మధ్య వస్తే ఆపేసి, పైపును జిగురుతో, సిలికాన్‌తో శాశ్వతంగా బిగించండి. రెండు శిఖరాలు కనిపించక ఒకటే కనిపిస్తే పోర్ట్ మూసుకుపోయి ఉండాలి, లేదా పెద్ద లీకు ఉండాలి.

మల్టీమీటర్ లేకపోతే ఫిల్టర్లు ఆపి, రెసిస్టర్ తీసేసి, 25 నుంచి 40 దాకా టోన్‌ను తక్కువ వాల్యూమ్‌లో నెమ్మదిగా జరపండి. కోన్ దాదాపు కదలకుండా ఉండి, పోర్ట్‌లోంచి గాలి బలంగా వీచే చోటే ట్యూనింగ్. 2 హెర్ట్జ్ అటూ ఇటూ తప్పొచ్చు గానీ, ఏమీ కొలవకపోవడం కన్నా నయం.

11. ఆంప్లిఫయర్ సెట్టింగులు, గదిలో చోటు

పోర్టెడ్ బాక్స్‌కు సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలను ఆపేది) తప్పనిసరి. 32 హెర్ట్జ్ ట్యూనింగ్‌కు 25 నుంచి 28 మధ్య పెట్టండి. అది లేకుండా సినిమా పేలుళ్లు పెట్టి, డ్రైవర్ చిరిగిందని బాక్స్‌ను నిందిస్తే లాభం లేదు. బాక్స్‌కు పంపే ఫ్రీక్వెన్సీల పై హద్దు 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చెవితో సరిచేయండి. బాస్ బూస్ట్ సున్నా.

మూలలో పెడితే బాస్ పెరుగుతుంది, ముద్దగానూ మారొచ్చు. చోటు వెతకడానికి బాక్స్‌ను మీరు కూర్చునే కుర్చీలో పెట్టి, బేస్ గిటార్ ఉన్న పాట వేసి, గోడల వెంట నేల దగ్గర చెవి పెట్టి తిరగండి. స్వరాలన్నీ సమానంగా వినిపించిన చోట బాక్స్ పెట్టండి.

తేడా వస్తే ఎక్కడ చూడాలి

ఒక్క స్వరమే గుమ్మంటోంది: ముందు గదిని అనుమానించండి. 4 మీటర్ల పొడవున్న గది 43 హెర్ట్జ్ దగ్గర సహజంగానే మోగుతుంది. బాక్స్‌ను బయటికి తీసుకెళ్లి వినండి. బయట బాగుంటే బాక్స్‌లో తప్పు లేదు. బయట కూడా అలాగే ఉంటే లీటర్లు తక్కువయ్యాయి, లేదా ట్యూనింగ్ ఎక్కువైంది.

బాస్ పలచగా ఉంది: మిగతా స్పీకర్లతో పోలారిటీ ఎదురైందేమో. వైర్లు తారుమారు చేసి వినండి, ఏది నిండుగా ఉంటే అది. ఆ తరువాత లీకులు.

గరగర: సిగ్నల్ వైరు కోన్‌కు తగులుతుండొచ్చు, టెర్మినల్ ప్లేటు వదులై ఉండొచ్చు, ఒక్కోసారి గదిలోని కిటికీ అద్దం కూడా కావచ్చు. 20 నుంచి 100 హెర్ట్జ్ దాకా టోన్ నెమ్మదిగా నడుపుతూ ఒక్కో భాగాన్ని చేత్తో అదిమి పట్టండి. ఏది పట్టినప్పుడు ఆగితే అదే.

వాల్యూమ్ పెంచితే "ఫుస్": పోర్ట్ బయటి అంచు పదునుగా ఉంటే ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్దండి, లోపలి కొస కూడా. అయినా తగ్గకపోతే వ్యాసం చాలలేదు. పెద్ద పైపు తీసుకుని నాలుగో మెట్టు నుంచి లెక్క మళ్లీ వేయాలి. పెద్ద పైపు తినే అదనపు లీటర్లను కూడా అందులో తీసేయండి.